ఏ వయసుకు ఎక్కడ చోటు?



మన ఇంటికి కొత్తగా వచ్చిన చుట్టం మనకు కనిపించని సంగతులు ఎన్నో కనిపెడతాడు. గోడమీది మరక మనం రోజూ చూసేదే కనుక మన కంటికి ఆనదు. చుట్టానికి గుమ్మంలో అడుగు పెట్టగానే కనిపిస్తుంది. దేశాల విషయమూ అంతే. పసిపిల్లలు, యువకులు, నడివయసువారు, వృద్ధులు వీధిలో, రైలులో, బజారులో ఎక్కడెక్కడ కనిపిస్తారో, ఎవరు ఎవరికి చోటిస్తారో ఆ దేశస్థులకంటే పరదేశి త్వరగా గమనిస్తాడు.

ఈ వారం మన పాఠానికి జపాను దేశాన్ని తీసుకుందాం. నాలుగు వందల ఏళ్లకు పైగా ఆ దేశానికి వెళ్లిన విదేశీయులు అక్కడి పిల్లలను, పెద్దలను చూసి ఆశ్చర్యపడుతూనే ఉన్నారు. వారు చూసిన దానిలో మనం నేర్చుకోవలసినదీ ఉంది, జాగ్రత్తపడవలసినదీ ఉంది.

గోవా మీదుగా వెళ్లిన గురువు

పునీత ఫ్రాన్సిస్ శౌరివారు 1549లో జపాను తీరాన అడుగుపెట్టిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ తరువాత 14 ఏళ్లకు, 1563లో, యేసు సభకు చెందిన లూయిస్ ఫ్రోయిస్ అనే పోర్చుగీసు గురువు అక్కడికి చేరుకున్నారు. ఈయన 1548లో, ఇంకా పదహారేళ్ల ప్రాయంలో, గోవాకు వచ్చి మన గడ్డమీదనే చదువుకుని గురుపట్టం పొందినవారు. ఆ పైన సుమారు 30 ఏళ్లు జపానులో గడిపారు. 1585లో ఐరోపావారి అలవాట్లను, జపానువారి అలవాట్లను పక్కపక్కన పెట్టి పోలుస్తూ ఒక చిన్న గ్రంథం రాశారు. ఆ రాతప్రతి చాలాకాలం మరుగున పడి ఉండి, 20వ శతాబ్దంలో మడ్రిడ్ నగరంలో బయటపడింది. అందులో ఒక అధ్యాయం పూర్తిగా పిల్లల గురించే.

ఆ అధ్యాయంలో ఆయన ఏమి గమనించారు? ఐరోపాలో పిల్లలను కొట్టి పెంచడం మామూలు. జపానులో కొట్టడం బహు అరుదు, మాటతోనే మందలిస్తారు. ఐరోపా బాలుడు ముందు చదవడం, తరువాత రాయడం నేర్చుకుంటాడు. జపాను బాలుడు ముందు రాయడంతోనే మొదలుపెడతాడు. ఐరోపాలో నాలుగేళ్ల బిడ్డకు ఇంకా ఒకరు తినిపించాలి. జపానులో మూడేళ్లవాడే పుల్లలు పట్టుకుని తింటాడు. అన్నిటికంటే ఆయనను ఆకట్టుకున్నది మరొకటి. పదేళ్ల పిల్లవాడికి ఒక కబురు అప్పగిస్తే, దానిని యాభై ఏళ్ల పెద్దమనిషికి ఉండే వివేకంతో చేరవేసి వస్తాడట.

ఇందులో కొంత అతిశయోక్తి ఉండవచ్చు. కొత్త దేశం చూసినవాడికి తేడాలే పెద్దవిగా కనిపిస్తాయి. అయినా ఒక మాట గట్టిగా పట్టుకుందాం: ఆ దేశంలో పిల్లవాడికి ఒక పని ఉంది, ఆ పనిని పెద్దలు నమ్మి అప్పగించారు.

1597 ఫిబ్రవరి 5న నాగసాకిలో 26 మంది వేదసాక్షులు సిలువలపై ప్రాణాలర్పించినప్పుడు ఆ వృత్తాంతాన్ని రాసినవారు కూడా ఈ ఫ్రోయిస్ గురువే. వారిలో అందరికంటే చిన్నవాడు 12 ఏళ్ల బాలుడు. అందరికంటే పెద్దవాడు 64 ఏళ్ల వృద్ధుడు. ఒకే వరుసలో, ఒకే సాక్ష్యంలో ఆ రెండు వయసులూ నిలిచాయి. అదే ఏడాది జూలైలో ఫ్రోయిస్ గురువు నాగసాకిలోనే కన్నుమూశారు.

అరుగుమీది తండ్రులు

మరో మూడు వందల ఏళ్లు ముందుకు రండి. 1878లో ఇసబెల్లా బర్డ్ అనే ఆంగ్లేయ యాత్రికురాలు, వయసు 46, ఒక కుర్ర దుబాసీని వెంటబెట్టుకుని ఉత్తర జపాను పల్లెల గుండా గుర్రంమీద ప్రయాణం చేసింది. తన పిల్లలను చూసి ఇంతగా మురిసిపోయే జాతిని తాను మరెక్కడా చూడలేదని ఆమె అభిప్రాయం. నిక్కో అనే ఊళ్లో ఉదయం ఆరు గంటలకే పన్నెండు పద్నాలుగుమంది మగవాళ్లు ఒక పొట్టి గోడమీద వరుసగా కూర్చుని, చేతుల్లో రెండేళ్లు నిండని బిడ్డలను ఆడిస్తూ, ఎవరి బిడ్డ తెలివితేటలు వారు చెప్పుకుంటూ ఉండడం ఆమె చూసింది.

మన ఊళ్లలో అరుగులమీద మగవాళ్లు కూర్చుని ఏమి మాట్లాడుకుంటారో మీకు నేను చెప్పనక్కరలేదు. చంకలో బిడ్డ ఉన్న తండ్రి ఆ అరుగుమీద ఎంత అరుదో కూడా మీకు తెలుసు. బిడ్డను ఎత్తుకోవడం ఇంటి లోపల ఆడవాళ్ల పని అనుకునే చోట, పసివారు నలుగురిలోకి వచ్చేసరికే ఆలస్యమవుతుంది.

బడికి నడిచే పిల్లలు

ఇక నేటి జపానుకు రండి. మీరొక ఉదయం ఆ దేశంలోని ఏదో ఒక పట్టణంలో వీధిలోకి వచ్చారనుకోండి. మొట్టమొదట మీ కంట పడేది ఆరేళ్ల, ఏడేళ్ల పిల్లలు తల్లిదండ్రులు వెంట లేకుండా బడికి నడిచిపోవడం. వీపుమీద గట్టి తోలు సంచి, చిన్నవారి నెత్తిమీద పసుపు టోపీ. చాలాచోట్ల ఒక పేటలోని పిల్లలంతా జట్టుగా నడుస్తారు; పెద్ద తరగతి పిల్లవాడు ముందుంటాడు, చిన్నవారిని చూసుకునే బాధ్యత అతనిది. పట్నాల్లో కొందరు చిన్నపిల్లలు రైలెక్కి కూడా బడికి పోతారు.

మన దేశం నుండి వెళ్లిన తల్లి ఈ దృశ్యం చూస్తే గుండె జారిపోతుంది. ఇంత చిన్నవాడిని ఒంటరిగా ఎలా పంపారు అనుకుంటుంది. కాని కాసేపు నిలబడి చూడండి. రోడ్డు దాటేచోట పసుపు జెండా పట్టుకుని ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. ఒకనాడు ఒక బిడ్డ తల్లి, మరొకనాడు ఆ పేటలోని తాతగారు. పిల్లలు ఏ దారిన నడవాలో బడివారు ముందే నిర్ణయించి ఉంటారు. దారిలో కొన్ని దుకాణాలకు, ఇళ్లకు ఒక గుర్తు అంటించి ఉంటుంది. భయం వేసిన పిల్లవాడు ఆ గుమ్మం తొక్కితే ఆ ఇంటివారు లోపలికి తీసుకుని పోలీసులకు కబురు చేస్తారు.

కాబట్టి ఆ పిల్లవాడు ఒంటరిగా నడుస్తున్నట్టు కనిపిస్తున్నాడే కాని ఒంటరివాడు కాడు. వీధి వీధంతా అతడిని కనిపెట్టుకుని ఉంది. పిల్లల ధైర్యం పుట్టుకతో వచ్చినది కాదు. పెద్దల ఏర్పాటునుండి వచ్చినది.

ఇరవై ఏళ్లు నిండినవారు

యువతీయువకుల సంగతి చూద్దాం. జనవరి నెలలో ఆ దేశంలో ఒక సెలవు దినం ఉంది. దానిని పెద్దవారైన దినం అనవచ్చు. 1948లో చట్టం చేసి 1949నుండి జరుపుతున్నారు. ఆ ఏడాది యుక్తవయసు వచ్చినవారిని పురపాలక సంఘంవారే ఆహ్వానించి, పెద్ద సభ జరిపి, ఇకనుండి మీరు మాతో సమానంగా బాధ్యత మోసేవారు అని చెబుతారు. అమ్మాయిలు పొడుగు చేతుల పట్టుబట్టలు కట్టుకుని వీధుల్లో నడుస్తుంటే ఊరంతా నిలబడి చూస్తుంది.

అక్కడ యుక్తవయసు చాలాకాలం 20 ఏళ్లుగా ఉండేది. ఓటు హక్కును 2016లో 18 ఏళ్లకు తగ్గించారు. 2022 ఏప్రిల్ నుండి చట్టరీత్యా పెద్దవారయ్యే వయసునూ 18కే తెచ్చారు. అయినా చాలా పట్టణాల్లో ఆ సభను 20 ఏళ్లవారికే జరుపుతున్నారు. పొగ తాగడానికి, మద్యం తాగడానికి మాత్రం చట్టం ఇప్పటికీ 20 ఏళ్లే అడుగుతుంది. ఈ సభల్లోనూ అల్లరి లేకపోలేదు. 2001లో కొన్ని పట్టణాల్లో కుర్రవాళ్లు పురపాలక అధ్యక్షుని ప్రసంగాన్ని కేకలతో అడ్డుకోగా పత్రికలన్నీ మండిపడ్డాయి. వేడుక జరిపినంత మాత్రాన బుద్ధి రాదన్నమాట. అయినా, నీకు వయసు వచ్చింది, నీ అవసరం ఊరికి ఉంది అని ఊరు నోరు తెరిచి చెప్పడం చిన్న సంగతి కాదు. మన పిల్లలకు ఆ మాట ఎవరు చెబుతున్నారు? ఓటు అడగడానికి వచ్చినవారు తప్ప?

వెండి సీటు, వెండి గిన్నె

ఇప్పుడు వృద్ధుల దగ్గరకు వద్దాం. హ్యోగో ప్రాంతంలోని ఒక పల్లెలో 1947లో పెద్దలను గౌరవించే దినం ఒకటి మొదలైంది. ఆ పల్లె ఆచారం దేశమంతా పాకి, 1966లో జాతీయ సెలవు దినమైంది. మొదట సెప్టెంబరు 15న జరిపేవారు. 2003నుండి సెప్టెంబరు మూడవ సోమవారం జరుపుతున్నారు.

1973లో ఆ దినానే టోక్యో రైళ్లలో వృద్ధులకోసం కొన్ని సీట్లు కేటాయించారు. ఆ సీట్లు వేరుగా కనిపించాలి కదా! వేగంగా వెళ్లే పెద్ద రైళ్ల సీట్లకు వాడగా మిగిలిన వెండి రంగు బట్ట ఉంటే దానిని తొడిగారట. అలా వాటికి వెండి సీట్లు అని పేరు వచ్చింది. అప్పటినుండి ఆ దేశంలో వెండి అంటే వృద్ధాప్యానికి మారుపేరైంది. తరువాత ఆ సీట్లను గర్భిణీ స్త్రీలకు, వికలాంగులకు, చంటిబిడ్డల తల్లులకు కూడా వర్తింపజేశారు.

60 ఏళ్లు దాటినవారికి తేలికైన పనులు చూపించే కేంద్రాలు 1970లలో టోక్యోలో మొదలై, ఆ తరువాత చట్టం అండతో ఊరూరా వెలిశాయి. సైకిళ్ల స్టాండు చూసుకోవడం, తోటల్లో కొమ్మలు కత్తిరించడం, పార్కులు ఊడవడం వంటి పనులు వారానికి కొన్ని గంటలు చేసి, కొంత సొమ్ము తీసుకుంటారు. 2023 లెక్కల ప్రకారం 65 ఏళ్లు దాటినవారిలో నలుగురికి ఒకరు ఏదో ఒక పని చేస్తూనే ఉన్నారు. కొందరు అవసరంకొద్దీ, కొందరు ఇష్టంకొద్దీ.

ఉదయం ఆరున్నరకు రేడియోలో వ్యాయామ సంగీతం వస్తుంది. 1928లో మొదలైన ఈ కార్యక్రమం, యుద్ధానంతరం కొద్ది ఏళ్లు ఆగినా, నేటికీ సాగుతోంది. పార్కుల్లో వృద్ధులు వరుసగా నిలబడి చేతులు కాళ్లు ఆడిస్తారు. వేసవి సెలవుల్లో బడిపిల్లలూ వచ్చి అదే వరుసలో నిలబడతారు. వచ్చినందుకు గుర్తుగా ఒక కార్డుమీద ముద్ర వేయించుకుంటారు. ఎనభై ఏళ్ల మామ్మగారూ ఎనిమిదేళ్ల మనవడూ ఒకే పాటకు చేతులెత్తడం చూడ ముచ్చటైన దృశ్యం.

నూరేళ్లు నిండినవారికి ప్రభుత్వం 1963నుండి ఒక వెండి గిన్నె బహూకరిస్తోంది. ఆ ఏడాది దేశం మొత్తం మీద నూరేళ్లు నిండినవారు 153 మంది. 2025 సెప్టెంబరునాటికి వారి సంఖ్య 99,763. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది స్త్రీలు. ఇంతమందికి అచ్చమైన వెండి ఇవ్వలేక, 2016నుండి గిన్నెకు వెండి పూత మాత్రమే వేస్తున్నారు. నవ్వు వచ్చే సంగతే అయినా, ఆ పూత వెనుక ఒక పెద్ద సమస్య ఉంది.

మూసిన తలుపుల వెనుక

ఇంతవరకు వీధిలో కనిపించినదే చూశాం. పరదేశి సాధారణంగా ఇక్కడితో ఆగి, ఆహా ఓహో అని ఇంటికి వచ్చేస్తాడు. మనం మాత్రం తలుపు వెనుక ఏముందో కూడా చూడాలి.

2024లో జపాను జనాభాలో 65 ఏళ్లు దాటినవారు నూటికి 29 మందికి పైగా ఉన్నారు. అదే ఏడాది పుట్టిన బిడ్డలు ఏడు లక్షలకు తక్కువ. పిల్లలు కరువైన చోట పిల్లల సందడి కూడా కొందరికి భారమైంది. తమ ఇంటి పక్కన శిశుపాఠశాల వద్దని, గోల భరించలేమని కొన్ని పేటలవారు అడ్డుపడ్డారు. చివరకు 2015లో టోక్యో పాలకులు, పసిపిల్లల గొంతులను శబ్ద పరిమితుల నుండి మినహాయిస్తూ నిబంధన సవరించవలసి వచ్చింది. బిడ్డల కేరింతకు చట్టం రక్షణ ఇవ్వవలసి రావడం, అదీ ఇసబెల్లా బర్డ్ చూసిన దేశంలోనే, ఎంత విచారకరం!

అంతకంటే బాధాకరమైనది మరొకటి. ఒంటరిగా ఉంటూ ఇంట్లోనే చనిపోయినవారి లెక్కను అక్కడి పోలీసు శాఖ 2024 సంవత్సరానికి తీసింది. మొత్తం 76,000 మంది. వారిలో 58,000 మంది 65 ఏళ్లు పైబడినవారు. ఆ ఏడాది మొదటి ఆరు నెలల్లోనే సుమారు 4,000 మంది మరణం నెల రోజులు దాటాక గాని బయటపడలేదు. నెల రోజులు! పాలకులు ఊరుకోలేదు. 2021లో ఒంటరితనం సమస్యకు ఒక మంత్రిని నియమించారు. 2024 ఏప్రిల్ నుండి దానిపై ఒక చట్టమూ అమలులోకి వచ్చింది.

ఇప్పుడు రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. బడికి నడిచే పిల్లవాడు ఒంటరిగా కనిపిస్తాడు, కాని ఒంటరివాడు కాడు. ఏర్పాటు వెనుక మనుషులున్నారు. గదిలో ఉన్న వృద్ధుడికి పింఛను ఉంది, రైలులో సీటు ఉంది, పండుగ రోజు ఉంది, వైద్యం ఉంది. అయినా అతడు ఒంటరి. ఎందుకంటే తలుపు తట్టే మనిషి లేడు. మర్యాద నిలవాలంటే ఏర్పాటు కావాలి. ఏర్పాటుకు ప్రాణం రావాలంటే మనిషి కావాలి. ఈ వారం పాఠం ఇదే.

మన సంగతి

ఈ మాట విని, మనకు ఆ బాధ లేదులే, మనది పెద్దలను గౌరవించే దేశం అని తృప్తిపడకండి. పెద్దల మాట చద్దిమూట అనే సామెత మనకుంది. కాని బస్సులో వృద్ధులకని రాసి ఉన్న సీటులో ఎవరు కూర్చుంటున్నారు? సామెత నోట ఉన్నంత మాత్రాన తాతగారికి కూర్చునే చోటు దొరకదు. కన్నవారిని పోషించమని పిల్లలకు గుర్తు చేయడానికి మన దేశంలోనూ 2007లో చట్టం చేయవలసి వచ్చింది కదా!

పైగా మనమూ ఆ దారినే నడుస్తున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7 మంది, తెలంగాణలో 1.8 మంది బిడ్డలు. జనాభా తగ్గకుండా నిలవాలంటే ఈ సగటు 2.1 ఉండాలంటారు. ఉన్న ఆ ఒకరిద్దరూ చదువులు ముగించి అమెరికాకో, గల్ఫుకో, బెంగుళూరుకో వెళ్లిపోతున్నారు. గోదావరి జిల్లాల్లో, గుంటూరు, కడప ప్రాంతాల్లో పెద్ద పెద్ద ఇళ్లలో ఇద్దరేసి ముసలివారు, కొన్నిచోట్ల ఒక్కరే, మిగిలిపోయిన సంగతి మీకు తెలియనిది కాదు. కొడుకు డబ్బు పంపుతాడు, వారానికొకసారి ఫోనులో ముఖం చూపిస్తాడు. అతనిని నిందించి లాభం లేదు. అతని బాధ అతనికుంది. కాని పక్కింట్లో ఉన్నది మనం.

పిల్లల సంగతి చూడండి. మన పిల్లవాడిని గుమ్మంలో ఆటో ఎక్కిస్తాం, గుమ్మంలో దింపుకుంటాం. పక్క వీధిలో ఎవరున్నారో వాడికి తెలియదు. పదేళ్లు వచ్చినా పాలపాకెట్టు తెమ్మని పంపడానికి భయపడతాం. లారీలు, కార్లు దూసుకుపోయే రోడ్లమీద ఆ భయం సహజమే. అలాగైతే ఆ రోడ్డు దాటించడానికి పెద్దలం మనమెందుకు వంతులవారీగా నిలబడకూడదు?

ఫ్రోయిస్ గురువు మెచ్చుకున్న కబురు మోసే పిల్లవాడిని గుర్తు తెచ్చుకోండి. మన వీధిలో ఒంటరి మామ్మగారు ఉన్నారు. మన ఇంట్లో పదేళ్ల బిడ్డ ఉన్నాడు. సాయంత్రం ఒక గిన్నెలో పులుసు పోసి, మామ్మగారికి ఇచ్చి, బాగున్నారా అని అడిగి రా అని పంపితే ఒకేసారి రెండు పనులు జరుగుతాయి. పిల్లవాడికి బాధ్యత వస్తుంది; మామ్మగారి తలుపు రోజూ తెరుచుకుంటుంది. ఏ రోజైనా తలుపు తెరుచుకోకపోతే ఆ సంగతి ఆ రోజే తెలుస్తుంది, నెల తరువాత కాదు.

పోపు ఫ్రాన్సిస్ గారు 2021నుండి జూలై నెల నాలుగవ ఆదివారాన్ని తాతమామ్మల, వృద్ధుల దినంగా జరుపుకోమన్నారు. ఆ ఆదివారం పూలు ఇచ్చి దండలు వేయడం మంచిదే. మరుసటి సోమవారం ఎవరు పలకరిస్తారన్నదే అసలు ప్రశ్న.

ఇంట్లో కలిసి మాట్లాడుకోవడానికి

ఈ రాత్రి భోజనాల తరువాత పిల్లలను, పెద్దలను కూర్చోబెట్టుకుని ఈ ప్రశ్నలు వేసుకోండి.

1. మన వీధిలో 70 ఏళ్లు దాటి ఒంటరిగా ఉంటున్నవారు ఎవరు? వారి పేర్లు మన పిల్లలకు తెలుసా?

2. మన ఇంటి పిల్లలకు వారి వయసుకు తగిన ఏ బాధ్యత అప్పగించాం? వారిని నమ్మి చేయమన్న పని ఏది?

3. మన ఇంట్లోని తాతగారిని, మామ్మగారిని ఈ వారం ఏ విషయంలోనైనా సలహా అడిగామా? లేక వేళకు అన్నం పెట్టి, మందులిచ్చి ఊరుకున్నామా?

4. బస్సులో, సభలో, గుడిలో మన కుటుంబం ఎవరికైనా చోటిచ్చి లేచిన సందర్భం చివరిసారి ఎప్పుడు?

జవాబులు పత్రికకు రాయనక్కరలేదు. మొదటి ప్రశ్నకు వచ్చిన పేర్లలో ఒకరి తలుపు ఈ ఆదివారంలోగా తట్టి రండి. వెళ్లేటప్పుడు చిన్నవాడిని కూడా వెంట తీసుకువెళ్లండి.